ఖాలా అడిగిన రంగు

“ఆయన అంగీ ఏం రంగు బేటీ?”

ఈ ప్రశ్నను నేను పాతికేళ్లుగా మోస్తున్నాను. అప్పట్లో దానికి ఒక జవాబు చెప్పాను. చెప్పిన మరుక్షణం నుంచీ ఆ జవాబు మీద నాకే నమ్మకం లేదు. అడిగిన మనిషి పోయిన వారం వెళ్లిపోయింది.

అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాలేజీ వరండాలో, క్లాసు గుమ్మం ముందు ఉన్నాను. “మీ ఖాలా పోయింది బిడ్డా,” అంది. “పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. గట్లనే పోయింది. మధ్యాహ్నం నమాజుకు తీస్కపోతరట. నువ్వు అందుకోవు. జ్యారత్ నాటికన్నా రా.”

జ్యారత్ అంటే మూడో నాటి ప్రార్థన. సరేనని ఫోన్ పెట్టేసి క్లాసుకు వెళ్లాను. పాఠం కూడా చెప్పాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. చెవిలో ఏ మాట పడినా చేతులు వాటి పని అవి చేసుకుపోవడం, బహుశా నేను ఆమె ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాకు చుట్టరికమేమీ లేదు. ఎల్లారెడ్డిలో మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒకటే గోడ, ఆ గోడలో ఒక ఇటుక తీసేసిన సందు. ఆ సందులోంచి చింతపండు, అగ్గిపెట్టె, కబుర్లు అటూ ఇటూ నడిచేవి. ఆమె భర్తను ఖాలూ అనేవాళ్లం. మస్కట్‌లో ఒక ఆఫీసులో చాయ్ పోసి బల్లలు తుడిచే పని ఆయనది. ఏళ్లకేళ్లు గడిచాక ఒకసారి సెలవు మీద వచ్చేవాడు, వచ్చినట్టే ఉండి వెళ్లిపోయేవాడు. ఒక్కతే కూతురు, నస్రీన్. నాకంటే బాగా చిన్నది.

మా గల్లీలో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లే, మా అమ్మతో సహా. నా డిగ్రీ చదువు ఆ బీడీల మీదే నడిచింది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేసుకోవచ్చు గానీ అట్లా ఎవరూ చేయరు. వంటలయ్యాక చేటలు చంకన పెట్టుకుని అందరూ ఒక ఇంటికి చేరతారు. మాకు ఆ ఇల్లు ఖాలా వాళ్లది. ముందుగది పెద్దది, బండలు చల్లగా ఉండేవి, తలుపుకు పరదా ఉండేది. లోపలికి అడుగు పెడితే తడి ఆకు వాసన, తంబాకు ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలేవి. కాసేపటికి తెలిసేవి కావు.

బీడీ చేసే పని చూడని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఒళ్లో చేట, చేటలో తంబాకు. తడిపిన తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తిరించాలి, చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. చూపు ఆకు మీది నుంచి లేస్తే బీడీ వదులవుతుంది. వదులైన బీడీని కంపెనీవాడు తీసి పక్కన పడేస్తాడు. అందుకే ఆ గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడకుండానే మాట్లాడుకునేవాళ్లు. నవ్వులూ తిట్లూ ఏడుపులూ అన్నీ తల వంచుకునే. చిన్నప్పుడు నాకు అక్కడి ఆడవాళ్ల మొహాల కంటే పాపిటలు ఎక్కువ గుర్తు. ఖాలాది మాత్రం పాపిట కూడా కాదు, కొంగు అంచు.

పని నేర్చుకునే పిల్లలు దిక్కులు చూస్తుంటే ఆమె అనేది, “ఆకు మీద చూపుంటే కడుపు నిండుతది. ఆకాశం మీద ఉంటే మెడ నొస్తది.” గూట్లో ఒక చిన్న రేడియో ఉండేది. దాని గొంతు పెంచుతూ ఇంకో మాట అనేది. “కండ్లు కంపెనీవి, చేతులు కంపెనీవి. చెవులొక్కటే మనయి బేటీ. వాటికి ఎప్పటికీ సెలవే.”

మసీదు నుంచి అజాన్ వినబడగానే ఆమె చెయ్యి చూడకుండానే రేడియో మీదికి పోయేది. అజాన్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడేవారు కారు, ఏ మతం వాళ్లైనా. కత్తెరలు మాత్రం ఆగేవి కావు. ఇంకొక అలవాటు చెప్పాలి. వేళ్లకు తంబాకు ఉంటుందని ఆమె పిల్లల్ని ఎప్పుడూ అరచేత్తో ముట్టుకునేది కాదు. చెయ్యి తిప్పి, వెనక భాగంతో చెంప నిమిరేది. ఇప్పటికీ ఎవరైనా అరచేత్తో చెంప తడితే నాకు కొత్తగానే అనిపిస్తుంది.

తొంభైల చివర్లో ఒకసారి ఖాలూ సెలవు మీద వస్తూ పెద్ద కంబళిలో చుట్టి ఒక ఇనుప డబ్బా తెచ్చాడు. వాళ్ల ఆఫీసులో కొత్త కంప్యూటర్లు వచ్చి పాతవి తీసేస్తుంటే సాబును అడిగి తీసుకున్నాడట. తెర బరువని అక్కడే వదిలేశాడు. “దిమాగ్ తెచ్చిన, మొహం ఆడనే ఇడిచిపెట్టిన,” అని తనే నవ్వేవాడు. సెలవు అయిపోయింది, ఆయన వెళ్లిపోయాడు. డబ్బా అదే కంబళి కప్పుకుని గూటి కింద ఉండిపోయింది.

నేను అప్పుడు రోజూ బస్సులో కామారెడ్డి వెళ్లి బీఎస్సీ చదువుతున్నాను, అందులో కంప్యూటర్లు ఒక సబ్జెక్టు. గల్లీలో నాకు పేరు పోయి ‘కంపూటర్ పిల్ల’ అయింది. ఆ పేరు పెట్టింది రాజవ్వ. బీడీలు చేసేవాళ్లలో అందరికంటే చేతివేగం ఆమెది, నోటివేగం కూడా.

ఒకనాడు ఖాలా ఆకు కత్తిరిస్తూనే అడిగింది. “బేటీ, ఆ డబ్బాల సినిమా వస్తదా?”

“వస్తది ఖాలా. సీడీ పెట్టే డ్రైవు కావాలె. పాట రావడానికి ఒక కార్డు, స్పీకర్లు, చూడనీకి తెర. గివన్నీ ఉంటే వస్తది.”

“గివన్నీ కొనేదుంటే మల్ల గదెందుకు?” అంది రాజవ్వ. “మొత్తం కథ బయటనే ఉన్నది గద! లోపలున్నది ఏంది, గాలా?”

అందరూ నవ్వారు. ఖాలా కూడా నవ్వింది. కానీ సినిమా అన్న మాట ఆ గదిలో అట్లా పడి ఉండిపోయింది. టాకీసుకు పోవాలంటే ఒక పూట పని పోయినట్టే. పెళ్లిళ్లకు కిరాయికి తెచ్చే వీడియో తప్ప ఆ ఆడవాళ్లకు సినిమా లేదు. ఆ నెల చిట్టీ ఖాలాకు వచ్చింది. పైసలు రుమాలులో కట్టి నా చేతిలో పెట్టింది.

“గివే ఉన్నయి. ఇండ్ల ఎంత సినిమా వస్తే అంత తే.”

కామారెడ్డిలో స్టేషన్ వైపు ఒక చిన్న దుకాణం ఉండేది. పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మేవాడు ఒకతను, మేం ‘అన్నా’ అనేవాళ్లం. డబ్బాను బస్సులో తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టాను. మూత తీసి చూసి, “మంచిదే చెల్లె, సినిమాకు సరిపోతది,” అన్నాడు. డ్రైవు, సౌండు కార్డు తప్పనిసరి. వాటికి పోగా మిగిలిన పైసలతో రెండు దారులే ఉన్నాయని చెప్పాడు. ఒకటి, ఎవరో వాడి వదిలేసిన రంగుల మానిటర్. అది కొంటే స్పీకర్లు పిడికిలంత ప్లాస్టిక్‌వే వస్తాయి. రెండోది, బొమ్మను ఇంట్లో ఉన్న టీవీకి పంపే కార్డు. అది మానిటర్ కంటే చవక. మిగిలిన దాంతో కట్టె పెట్టెల్లో బిగించిన పెద్ద స్పీకర్లు తీసుకోవచ్చు. కానీ ఖాలా వాళ్లింట్లో టీవీ పాతది, నలుపు తెలుపుది.

“మానిటరే తీస్కో చెల్లె,” అన్నాడు. “రంగు రంగే గద. నీ చదువుకు గూడ అక్కరకొస్తది.”

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో. నా చదువుకు మానిటర్ కావాలని నాకు నెలల నుంచీ ఆశ. కాలేజీలో ఒక కంప్యూటర్ ముందు నలుగురం కూర్చునేవాళ్లం. ఆ ఆశ నా మొహంలో కనబడిందేమోనని చెవులు వేడెక్కాయి. ఖాలా చిట్టీ పైసలతో నా చదువా? వద్దు. అట్లా వద్దనుకున్నాక, వద్దనడానికి మంచి కారణం కూడా దొరికింది. చెవులొక్కటే మనవని ఖాలానే చెప్పింది కదా. వాళ్లు తెర వైపు చూసేదెప్పుడు?

“నలుపు తెలుపు టీవీ అంటున్నవ్ మల్ల,” అన్నాడు అతను ఇంకోసారి.

“ఫరక్ లేదన్నా. బీడీలు చేసేటోళ్లు. వాళ్ల కండ్లు ఆకు మీదనే ఉంటయి. పాట మంచిగ వినబడాలె.”

“గట్లయితే నువ్వన్నదే సరి. నాకు తట్టలే.”

అతను ఒప్పుకోవడంతో నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ టీవీకి యాంటెన్నా తీగ తప్ప వేరే దారి లేదంటే, నడుమ పెట్టడానికి ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. టీవీలో అక్షరాలు సరిగా కనబడవని, సీడీ పెడితే దానంతట అదే ఆడేలా చేసి ఇచ్చాడు. తిరుగు బస్సులో లింగంపేట దాకా సీటు దొరకలేదు. డబ్బా కాళ్ల దగ్గర, ఒక స్పీకరు ఈ చంకలో, ఒకటి ఆ చంకలో. కండక్టర్ టికెట్ కొడుతూ, “ఏందమ్మా, పెండ్లికి బ్యాండు నువ్వే కొడుతున్నవా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రోజు నాకంటే సంతోషంగా ఉన్నవాళ్లు ఆ బస్సులో లేరు. నా కోసం ఏమీ తీసుకోలేదన్న గర్వం ఉంది చూడండి, అది స్పీకర్ల కంటే బరువుగా, హాయిగా ఉంది.

మొదటి మధ్యాహ్నం సినిమా పేర్లు పడుతూ సంగీతం మొదలయ్యేసరికి గూట్లో గిన్నెలు గలగలలాడాయి. రాజవ్వ ఉలిక్కిపడి, “నీ అవ్వ! నా చేటల తంబాకు దునికింది,” అంది. తర్వాత ఆ గొంతుకు అందరూ అలవాటు పడ్డారు. పాట వస్తే చేతులు జోరందుకునేవి, ఏడుపు సీను వస్తే నెమ్మదించేవి. కళ్లు తుడుచుకోవాలంటే భుజానికి తుడుచుకునేవాళ్లు, వేళ్లకు తంబాకు ఉంటుంది కదా. నేను అనుకున్నది నిజమే అయింది. ఎవరూ తెర వైపు చూడటం లేదు. ఎప్పుడైనా తల ఎత్తితే అక్కడ కనబడేది బూడిద రంగు, దాని మీద సన్నటి చినుకులు.

“ఇది సినిమా కాదు,” అని తేల్చింది రాజవ్వ. “రేడియోకు అద్దం పెట్టిండ్రు.”

అప్పుడే ఆ గదిలో ఒక ఆట పుట్టింది. నస్రీన్ బడి నుంచి వచ్చి తెర ముందు కూర్చునేది. తల వంచుకున్న వాళ్లంతా దాన్ని అడిగేవాళ్లు. “ఏమైందే ఇప్పుడు? ఎవలొచ్చిండ్రు? ఏం చీర కట్టింది?” అది క్షణం ఆలోచించకుండా, “గులాబీ రంగుది,” అనేది. “చల్, గుళ్లెకు పోయేటప్పుడు గులాబీ రంగు కడ్తదా? పసుపుపచ్చది చెప్పు,” అనేది మా అమ్మ. “కాదు, చిలకపచ్చ. అంచు ఎర్రది,” అని రాజవ్వ. ఒక్కో సినిమాకు మా గల్లీ ఆడవాళ్లు వేసిన రంగులు, తీసినవాళ్లు కూడా వేసి ఉండరు. ఖాలా ఆ ఆటలో ఎప్పుడూ రంగు చెప్పేది కాదు, వింటూ నవ్వేది.

తంబాకు పొడి డబ్బా లోపలికి పోయేది. ఆదివారం ఆదివారం మూత తీసి, రంగులేసే కుంచెతో దులిపేదాన్ని, తుమ్ముతూ. ఖాలా పాత పరదా గుడ్డతో దానికి చక్కని గలీబు కుట్టింది. నడుస్తుండగా కూడా కప్పి ఉంచేది.

“కప్పద్దు ఖాలా. దానికి ఊపిరాడదు, చెడిపోతది.”

ఆమె గలీబు తీసి మడత పెడుతూ, “అవునా? తంబాకుల దానికి గూడ ఊపిరాడదా?” అంది. అంతే. వెక్కిరింపు లేదు అందులో. కానీ ఆ ‘గూడ’ నన్ను ఇప్పటికీ వదలలేదు.

మరుసటేడు ఎండాకాలం ముందు గాంధారి వైపు తండా నుంచి ఒకతను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, ఖాలూ పంపిన సీడీ ఇచ్చి వెళ్లాడు. దోస్తు ఎవరో వీడియో తీస్తే అక్కడి స్టూడియోలో సీడీ చేయించాడట. తాను తెచ్చిన డబ్బాలో తన బొమ్మ ఆడాలని ఆయన ముచ్చట. ఆ మధ్యాహ్నం నాకు కాలేజీ లేదు. అందరూ చేటలతో కూర్చునే ఉన్నారు.

“ఇయ్యాల హీరో మన ఖాలూ!” అంది రాజవ్వ. “పాటలున్నయా, ఫైటింగులున్నయా?”

సీడీ పెట్టాను. ముందు స్పీకర్లలోంచి హోరు వచ్చింది. సముద్రం ఒడ్డు గాలి. గది నిండిపోయింది ఆ హోరుతో. తెర మీద ఖాలూ నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకు కట్టుకున్నాడు, వెనక్కి కట్టుకున్నాడు. తీసే మనిషి నడవమన్నట్టున్నాడు, నాలుగడుగులు నడిచి తిరిగి చూశాడు. నోరు కదిలింది. ఏదో చెప్పాడు. గాలి దాన్ని తినేసింది. నేను ఏరి కోరి తెచ్చిన స్పీకర్లలో ఆయన మాట ఒక్కటీ రాలేదు. వచ్చిందంతా గాలే.

కత్తెరల చప్పుడు ఆగినట్టు అప్పుడు గమనించాను. ఖాలా ఒళ్లోంచి చేట తీసి పక్కన పెట్టింది. కొంగుకు వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల ఎత్తి తెర వైపు చూసింది. పని వేళలో ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేను అదే చూడటం. ఆమె మొహం అంత నిండుగా చూడటమూ అదే. మిగతా వాళ్లు కూడా చేటలు దించారు. ఆ గదిలో మొట్టమొదటిసారి అందరూ చూస్తున్నారు. చూడటానికి నేను వాళ్లకు ఇచ్చింది బూడిద రంగు మనిషి, బూడిద రంగు ఇసుక, బూడిద రంగు నీళ్లు.

“ఆయన అంగీ ఏం రంగు బేటీ?”

అడిగింది నస్రీన్‌ను కాదు, నన్ను. ఆట అనుకుని ఎవరూ ఏ రంగూ చెప్పలేదు. తెలియదని చెప్పాల్సింది. తెలియదంటే ఎందుకు తెలియదో చెప్పాలి, అప్పుడు ఆ దుకాణం బల్ల దాకా పోవాలి.

“నీలం ఖాలా,” అన్నాను. వెనక సముద్రం ఉందని నీలం అన్నానేమో. ఎందుకన్నానో నాకూ తెలియదు.

“నీలమా,” అంది. తల ఊపింది. “మంచిగ ఉంటది ఆయనకు.”

అయిపోయింది. మళ్లీ పెట్టమంది. రెండోసారి కూడా అయ్యాక చేట ఒళ్లోకి తీసుకుంది.

సాయంత్రం గోడ సందు దగ్గర నిలబడి నేనే అన్నాను, “ఖాలా, కామారెడ్డి దుకాణంల రంగుల తెర ఉన్నది. సీడీ తీస్కొని పోదాం. అసలు రంగుల కనబడతడు.”

“నక్కో బేటీ, వద్దు,” అంది. “బజార్ల అందరి ముంగట నా మొగన్ని చూస్కుంట నేను ఏడుస్తే ఎట్లుంటది?”

“అయితే నాకు కొలువైనంక మానిటర్ తెస్త.”

“తే,” అని నవ్వి, సందులోంచి చెయ్యి చాచి, వేళ్ల వెనకతో నా చెంప నిమిరింది.

తేలేదు. హైదరాబాద్‌లో పీజీ, ఆ తర్వాత కొలువు వెతుక్కోవడం. నాకు కొలువయ్యే లోపల ఒక వానాకాలం డబ్బానే ఆగిపోయింది. ఇంకొన్నాళ్లకు నస్రీన్ టైలరింగ్ పైసలతో రంగుల టీవీ, సీడీ ప్లేయరు కొన్నది. మొదట పెట్టింది వాళ్ల నాన్న సీడీనే. తంబాకు పొడిలో పడి గీతలు పడిపోయిన ఆ సీడీ టిక్కు టిక్కుమని తిరిగింది, బొమ్మ రాలేదు. మానిటర్ అవసరం ఎవరికీ లేకుండా పోయింది. ఇస్తానన్న మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఖాలా దాని ఊసు ఎన్నడూ ఎత్తలేదు. పైగా నేను ఎప్పుడు వెళ్లినా నస్రీన్ పిల్లలతో గొప్పగా చెప్పేది. “ఈ ఆంటీ తెచ్చిన మిషన్ల గొంతు ఉండె. ఇప్పటి టీవీలల్ల గొంతేది? దోమలు పాడినట్టే ఉంటది.” ఆమె మెచ్చుకున్న ప్రతిసారీ నాకు లోపల చురుక్కుమనేది. మెచ్చుకోలు కాదు, ఎత్తిపొడుపేమోనని కూడా అనిపించేది. అంతలోనే, నా తప్పును నేను ఆమె నోట పెడుతున్నానేమోనని ఇంకో అనుమానం.

జ్యారత్ నాటికి వెళ్లాను. ముందుగదిలో ఆడవాళ్లం కూర్చున్నాం. తంబాకు వాసన ఇంకా ఉంది గోడల్లో. బీడీ పని ఇప్పుడు చాలామందికి లేదు, చేటలు లేవు. రాజవ్వ బాగా ముసలిదైంది. నన్ను చూసి, “కంపూటర్ పిల్లా, నీ జుట్టు గూడ నెరిసిందే,” అని నవ్వబోయి ఏడ్చింది. అలవాటుగా భుజానికే తుడుచుకుంది.

నస్రీన్ ఇచ్చిన చాయ్ తీసుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్న ఖాలూ దగ్గరికి వెళ్లాను. ఆయన మస్కట్ వదిలి వచ్చి చాలా ఏళ్లయింది. నీలం చొక్కా తొడుక్కుని ఉన్నాడు. నేను దాన్ని చూడటం వెనకే వచ్చిన నస్రీన్ గమనించింది.

“అమ్మీ కొన్నదే అక్కా. ప్రతి రంజాన్‌కు అబ్బాకు నీలం బట్టనే. ఒకసారి నేను తెల్లది తెస్తే, ‘నక్కో, నీలం మంచిగ ఉంటది ఆయనకు’ అని మార్పించుకొని రమ్మన్నది.”

చాయ్ గ్లాసు ఆయన చేతికి ఇచ్చాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను, ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను.

“ఖాలూ, మస్కట్ నుంచి సీడీ పంపినవ్ గద, సముద్రం కాడ. అండ్ల నువ్వు తొడిగిన అంగీ ఏం రంగు?”

ఆయన ఆలోచించనే లేదు. “అదా? ఆడ ఆఫీసోళ్లు ఇచ్చింది బేటీ. మట్టి రంగు. నాకు ఉన్నయే ఆ రెండు అంగీలు, రెండూ మట్టి రంగువే. సీడీ పంపినంక సెలవుకు వచ్చినప్పుడు అది తెచ్చిన. మీ ఖాలా దాన్ని చింపి పొయ్యికాడ మసిగుడ్డ చేసుకున్నది.” చాయ్ ఒక గుక్క తాగి, “ఏం? ఎందుకు?” అన్నాడు.

“ఊకెనే ఖాలూ,” అన్నాను.

అంటే ఆమెకు తెలుసు. ఆ సీడీ వచ్చిన మరుసటి సెలవులోనే తెలిసిపోయింది. ఆ అంగీని చేత్తో ఉతికి ఉంటుంది, చింపి ఉంటుంది, రోజూ దాంతో వేడి గిన్నె దించి ఉంటుంది. అయినా ఏటేటా దుకాణానికి వెళ్లి నీలం బట్ట అడిగింది.

నన్ను క్షమించడానికే ఇదంతా చేసిందనుకోవడానికి నేను ఎవర్ని? ఒకవేళ ఆ మధ్యాహ్నం ఆమె ఆయన్ని నిజంగానే నీలంలో చూసిందేమో. మా గల్లీ ఆడవాళ్లు బూడిద రంగు మీద ఎన్ని రంగులు చూడలేదు? చూసిన ఆ రంగును మట్టి రంగు కోసం వదులుకోవడం ఇష్టం లేకపోయిందేమో. అట్లా అయితే నేను ఇచ్చిన అబద్ధమే ఆమెకు దక్కిన రంగు. ఆ మాట అనుకుంటే కాసేపు ఊరటగా ఉంటుంది. ఆ ఊరట కూడా నేను ఏరి కోరి తెచ్చుకున్నదేమో, స్పీకర్ల లాగా.

సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినబడింది. లోపల ముందుగదిలో మాటలు టక్కున ఆగిపోయాయి. కత్తెరలు కూడా లేవు ఇప్పుడు, అందుకని ఆ నిశ్శబ్దం నాకు కొత్తగా ఉంది. ఖాలూ లేచి చొక్కా ఓసారి సర్దుకుని మసీదు వైపు నడిచాడు. నలుపు తెలుపు తెర మీద నడిచినట్టే, నాలుగడుగులు వేసి, ఏదో మరిచినవాడిలా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు.

వాకిట్లో తీగ మీద ఆయన చొక్కాలు ఆరేసి ఉన్నాయి. అన్నీ నీలమే, ఏ ఏటిది ఆ ఏటికి తగ్గట్టు వెలిసింది. ఈ ఏటిది ముదురుగా ఉంది. చివరన ఉన్నది ఎప్పటిదో, ఉతికి ఉతికి బూడిద రంగుకు వచ్చేసింది, ఆనాటి టీవీలో కనబడ్డ రంగుకు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అదే రుమాలు మళ్లీ నా చేతిలో పెట్టి అదే దుకాణానికి పంపితే ఏం కొంటానో నాకు తెలియదు. ఖాలా నా మాట నమ్మిందా, నా మాట పోకుండా కాచిందా, లేక ఆ నీలానికీ నాకూ సంబంధమే లేదా, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను.